చెప్పుకునే షుగరు

మా ఆవిడ రాజకుమారికి నేను లావుగా ఉండాలి. అదొక పట్టుదల. నాకు హెచ్‌ఐవీ ఉందని తెలిసిన ఏడాది ఎముకల గూడులా అయిపోయాను. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో తోటి గుమస్తాలు నన్ను చూసే చూపులు ఆవిడ చూసింది. మందులు మొదలయ్యాక ఇక పొయ్యి మీంచి గిన్నె దిగలేదు. కొల్లేటి పుట్టింటి నుంచి కొరమీను, సాయంత్రం సున్నుండలు, పడుకోబోయే ముందు పాలు. చర్చిలో ఎవరైనా "నిత్యానందం గారు ఒళ్ళు చేశారండీ" అంటే ఆ పూట మా ఆవిడ మొహం చూడాలి!

రోజూ వేసుకునే మాత్ర దేనికని అడిగినవాళ్ళకి "షుగరండీ" అనేది. ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. "ఏవండీ, షుగర్ మాత్ర వేసుకున్నారా?" అంటూ చేతిలో సున్నుండ పెట్టేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మందులిచ్చేచోట షుగర్ పరీక్ష చేయించుకోమంటే, అబద్ధానికి పరీక్షేమిటని ఎగ్గొట్టాను.

కోవిడ్ రెండోసారి విరుచుకుపడినప్పుడు ఊపిరందక ఏలూరు ఆస్పత్రిలో చేరాను. ఆక్సిజన్ పెట్టాక ఇందుజ అనే డాక్టరమ్మ అడిగింది.

"ఈయనకి షుగర్ ఉందా అమ్మా?"

రాజకుమారి మాస్కులోంచే గొంతు తగ్గించింది. "లేదండీ. అది ఊళ్ళోవాళ్ళకి చెప్పుకునేదండీ. అసలుది హెచ్‌ఐవీ అండీ."

"అది మందులతో అదుపులోనే ఉందమ్మా, రిపోర్టులు చూశాను. నా భయం దాని గురించి కాదు. షుగర్ మూడొందల ఎనభై ఉంది. బరువూ ఎక్కువే. కోవిడ్‌కి ఆ రెండూ తోడయ్యాయి."

రాజకుమారి మంచం పట్టె పట్టుకుని కూలబడింది. "నేనే పెట్టి పెట్టి ఇంతదాకా తెచ్చానండీ" అని ఏడ్చింది. మొహానికి ఆ ఆక్సిజన్ మాస్కు లేకపోతే గట్టిగా కసిరేవాణ్ణి. సొంత తమ్ముడే దగ్గరికి రావడానికి జంకిన రోజుల్లో నా కంచంలోనే తిన్న మనిషి ఈవిడ. చెయ్యి చాపి ఆవిడ వేళ్ళు పట్టుకున్నాను.

ఇన్సులిన్ ఇచ్చారు, బతికి బయటపడ్డాను. ఇంటికొచ్చాక గరిటెడు అన్నం, మిగతాదంతా ఆకుకూర. పెట్టలేక ఆవిడ పడే బాధ చూస్తే నాకే జాలేసేది. నా చొక్కాలు వదులయ్యాయి, దవడలు లోపలికి పోయాయి.

ఒక ఆదివారం చర్చి బయట, మాతోపాటు ప్రార్థనకొచ్చే దేవకుమారి గారు నన్ను పట్టుకున్నారు. "ఇంతలా చిక్కిపోయారేంటండీ అన్నయ్యగారూ? అసలు జబ్బేంటండీ?"

నలుగురూ ఆగి చూస్తున్నారు. ఇన్నేళ్ళూ రాజకుమారి భయపడ్డ ప్రశ్న ఇదే. షుగరంటే సరిపోతుంది, ఇప్పుడది నిజం కూడా. ఆవిడ మాత్రం అందరి ముందూ నా చెయ్యి పట్టుకుంది.

"ఏదైతేనేమండీ, మనిషి దక్కారు నాకు. ఇంకా బరువు తగ్గాలన్నారు డాక్టరుగారు" అని నా వైపు తిరిగింది. "పదండి, ఇంటికి నడిచే వెళదాం."