వినబడని కూత

వేంకటాచలానికి రెండేళ్లుగా పిచ్చుకల కిచకిచ వినబడడం లేదు. చూరు కింద వాటి ముక్కులు ఆడుతుంటాయి, చప్పుడు మాత్రం రాదు. ఫిడేలు పై తంతీ అంతే. వేలికి తెలుస్తుంది, చెవికి అందదు. ఈ సంగతి తను ఫిడేలు వాయించే అరసవల్లి గుడిలో చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. మనుషుల పెదవులు చూసుకుంటూ నెట్టుకొస్తున్నాడు.

అలాంటివాణ్ణి వెంటబెట్టుకుని మేనల్లుడు త్యాగరాజు నరసన్నపేట మైకుసెట్ల కొట్టుకి వచ్చాడు. అతను మావయ్య దగ్గర నేర్చిన ఫిడేలు మానేసి ఏడాదయింది. వాల్తేరు రైల్వే వాళ్ల దగ్గర కరెంటు గిటారు కొన్నాడు. మోత పెంచే పెట్టె తగిలించకపోతే దాని చప్పుడు పక్కవాడికి కూడా చేరదు. రాజాంలో ఒక పెళ్లిలో వాయించడానికి ఒప్పుకున్నాడు కూడాను. "మావయ్య చెవికి నచ్చిన పెట్టెనే కొను, లేదంటే మానెయ్యి" అంది తల్లి రాజరాజేశ్వరి.

కొట్టు గంగులుది. పాత రేడియోల వాల్వులు తెచ్చి టేకు పెట్టెల్లో తనే బిగిస్తాడు. రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఉత్తది. రెండోదాని పక్కన రేకు డబ్బా, అందులో సన్నటి స్ప్రింగులు.

"దీన్ని ఎకో అంతారు బాబూ. నూతిలోకి కేకేసినట్టు మోగతాది. ఇశాపట్నం ఓడోల్ల కాడ సూసొచ్చి సేసినాను" అన్నాడు.

త్యాగరాజు తీగ దానికే తగిలించి మీటాడు. వేంకటాచలానికి కింది స్వరాలు గుండెకి తగిలాయి. పైవి లేవు. అయినా తల ఊపాడు. గంగులు మర ఇంకాస్త తిప్పాడు.

గుమ్మంలో చింతపిక్కలు తీస్తున్న గంగులు తల్లి కూర్మమ్మ రెండు చెవులూ మూసుకుంది. త్యాగరాజు మొహం ముడిచి తంతుల మీద అరచెయ్యి వేశాడు. వీధిలో పోయే ఎద్దు నిలబడిపోయింది. వేంకటాచలం ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.

"బాగుంది. నాదం బాగుంది."

గంగులు గబగబా మర తగ్గించాడు.

"ఏటి బాబూ, ఆ కూతకి నా సెవులు సిల్లులు పడిపోనాయి. తవరికేటీ అవలేదేటి?" అంది కూర్మమ్మ.

వేంకటాచలం ఉత్తరీయం సర్దుకున్నాడు.

"నాదం చూసేవాళ్లు కూతని పట్టించుకోరమ్మా."

"సూసినావురా గంగులూ, ఇద్వాంసులంటే అలగుండాల. నువ్వున్నావు, ఈగ వాల్తే సెవి గోక్కుంతావు."

గంగులు నవ్వాడు. అబద్ధం అంత సులువుగా అతికినందుకు వేంకటాచలానికి మరీ తలెత్తబుద్ధి కాలేదు.

"అయితే ఇదే తీసుకోమంటావా మావయ్యా? నాకైతే పెళ్లిలోనూ కూస్తుందేమోనని ఉంది. నీ చెవి ముందు నా చెవెంత, నువ్వు ఊఁ అంటే తీసుకుంటాను."

ఆ చెవి ఉన్నట్టే, పోయిన రథసప్తమికి గుడి మండపంలో, అంతమంది ముందు, వేంకటాచలం మేనల్లుణ్ణి "శ్రుతి తప్పావు, దింపు ఫిడేలు" అన్నాడు. దింపినవాడు మళ్లీ ఎత్తలేదు.

"వద్దు. నువ్వే చూసుకో. నాకు పై స్థాయి వినబడదురా" అన్నాడు వేంకటాచలం.

కూర్మమ్మ చేతిలో పిక్క ఆగింది. గంగులు తువ్వాలుతో బల్ల తుడవడం మొదలుపెట్టాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు త్యాగరాజు.

"రెండేళ్లు."

త్యాగరాజు గిటారు మెడకేసి చూశాడు. "అయితే రథసప్తమి నాడు తప్పింది నేను కాదా?"

"తెలీదురా. నాకు వినబడితే గదా. వినబడకుండానే తిట్టాను."

త్యాగరాజు తీగ పీకి ఉత్త పెట్టెకి తగిలించాడు. మావయ్యకి వీపు పెట్టి చాలాసేపు వాయించుకుని, అదే కట్టిమ్మన్నాడు.

బస్సులో పెట్టె ఇద్దరి మోకాళ్ల మీదా ఉంది. అరసవల్లి దగ్గరపడుతుండగా త్యాగరాజు కిటికీకేసి ఏదో అన్నాడు.

"ఇటు తిరిగి చెప్పు" అన్నాడు వేంకటాచలం. ఆ మాట ఒకరితో అనడం అతనికి అదే మొదలు.

త్యాగరాజు తిరిగాడు.

"అమ్మతో నువ్వే చెప్పాలి అన్నాను."

"చెప్తాను."

వాల్వులు ఇంకా చల్లారలేదు. పెట్టె మోకాళ్లకి వెచ్చగా తగులుతోంది.