మొగలిదిబ్బ ఆరో మనిషి

నేను ఒక వాలీబాల్ నెట్టును. నేను పుట్టింది ఏ కార్ఖానాలోనో కాదు, సముద్రం ఒడ్డున బోర్లించిన ఒక తెప్ప నీడలో. నన్ను అల్లినవాడు సూరాడ దానేసు. చేపల వలకు కన్ను ఎంత సన్నగా ఉంటే అల్లినవాడికి అంత పేరు. నా కన్నులేమో మనిషి పిడికిలి దూరేటంతవి. అటుగా పోయే ప్రతివాడూ ఆగి, "ఏటి దానేసూ, ఇందల ఏ సేప పడతాదిరా? తిమింగలం కూడా తోక ఊపుకుంటా ఎల్లిపోద్ది" అని నవ్వేవాడు. దానేసు తల ఎత్తేవాడు కాడు. అంతకుముందు ఊరివాళ్లు చిరిగిన చేపల వలనే అడ్డం కట్టి ఆడేవారట. అందులో చిక్కుకున్న బంతిని తీయడానికే సగం సాయంత్రం అయిపోయేదట.

మా ఊరు మొగలిదిబ్బ. గట్టిగా ముప్పై గడపలు. మగవాళ్లలో చాలామంది గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పోయి బోట్ల మీద పనిచేస్తారు. వేసవి చివర్లో అక్కడ వేట ఆపాక రైళ్లెక్కి ఇళ్లకు చేరతారు. ఆ కొద్ది వారాలే ఊరికి పండగ, నాకు బతుకు. రెండు సరివి కర్రల మధ్య నన్ను బిగించి, పొద్దు వాలేదాకా ఆడతారు. మిగిలిన ఏడంతా నేను దానేసు ఇంటి చూరు కింద చుట్టచుట్టుకుని పడుకుంటాను.

ఆటకు ఆరుగురు కావాలి. మొగలిదిబ్బలో ఆడగలిగినవాళ్లు సరిగ్గా ఆరుగురు. మరి సాధన చేయాలంటే అవతలి పక్క ఎవరుండాలి? అక్కడ ఒక్క మనిషి ఉండేది. దానేసు పెళ్లాం రాజులమ్మ.

రాజులమ్మ పెద్ద ఊరి పిల్ల. బడిలో చదివే రోజుల్లో వాలీబాల్ ఆడి జిల్లా దాకా వెళ్లింది. పెళ్లై మొగలిదిబ్బకు వచ్చాక చేతికి చేపల తట్ట వచ్చింది, బంతి పోయింది. ఒకనాడు ఆమె ఇసుక మీద కవ్వళ్ల చేపలు ఎండబెడుతుంటే బంతి వచ్చి వాటి మీద పడింది. ఆమె విసుక్కుంటూ లేచి, చీర చెంగు నడుముకు దోపి, బంతిని ఎడమచేత్తో పైకి వదిలి కుడిచేత్తో ఒక్కటి వేసింది. అది నా నెత్తి మీద నుంచి రివ్వున పోయి అవతలి గీత దగ్గర దిగబడింది. అంతమంది మగవాళ్లూ బంతి వైపు చూడలేదు, ఆమె వైపే చూశారు. ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు ఆమె ఒక పక్క నిలబడి సర్వీసులు వేయడం, ఆరుగురూ మరో పక్క నిలబడి వాటిని ఎత్తలేక అవస్థ పడటం అలవాటైపోయింది. అయినా ఆమెను జట్టు మనిషిగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఆమె కూడా లెక్కపెట్టుకోలేదు.

ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి ఏటా ఒక పోటీ నడుపుతాయి. వెరావల్ నుంచి మనుషులు వేళకు చేరక, వరసగా రెండేళ్లు మావాళ్లు దిగలేకపోయారు. మూడోసారి కూడా దిగకపోతే పేరు తీసేస్తామన్నారు పోటీ పెద్దలు. అది విని జగన్నాథపేట సంఘం ప్రెసిడెంటు బైరాగి ఒకరోజు మోటారుసైకిల్ మీద వచ్చాడు. జగన్నాథపేట పెద్ద ఊరు. అక్కడ జట్టులో చోటు కోసమే కుర్రాళ్లు కొట్టుకుంటారు.

"ఎందుకయ్యా దానేసూ ఈ తిప్పలు? మీలో బాగా ఆడేవాళ్లని మా జట్టులోకి పంపించు. బూట్లిస్తాం, బనీన్లిస్తాం. రెండూర్లూ ఒకటే అనుకుందాం" అన్నాడు.

మాటలో చెడు ఏమీ లేదు. మా కుర్రాళ్లలో ఇద్దరు అప్పుడే బూట్ల గురించి ఆలోచిస్తున్నారని వాళ్ల కాళ్ల వంక చూస్తేనే తెలిసింది. దానేసు కూడా మెత్తబడ్డాడు. అప్పుడు రాజులమ్మ చేపల తట్ట దించి అడ్డం వచ్చింది.

"బస్సు మీద మనూరి పేరు నేదు. రోడ్డు మీద బోర్డు నేదు. ఏడాదికి ఒక్కపాలి, ఆ పోటీ మైకులో మొగలిదిబ్బ అని పిలుస్తారు. అదీ వద్దంటే మరింక మనూరు ఉన్నట్టు ఎవులికి తెలుస్తాది మావా?"

దానేసు బైరాగి వైపు తిరిగాడు. "ఈ ఏడు ఆడి సూస్తాం బాబూ. ఒక్క ఆటైనా గెలవకపోతే నువ్వన్నట్టే సేద్దాం" అన్నాడు.

చీటీలు తీస్తే మొదటి ఆటే జగన్నాథపేటతో వచ్చింది. అదీ మా ఇసుక మీదే, నా సాక్షిగానే.

ఆ రోజు పొద్దున్నే ఊరంతా హడావుడి. ఇసుక చదును చేసి, సున్నంతో గీతలు గీశారు. మైకు కట్టారు. నన్ను ఎంత బిగించారంటే, గాలికి తీగలాగా మోగాను. జగన్నాథపేటవాళ్లు రెండు ట్రాక్టర్లలో దిగారు. ఆడేవాళ్లకంటే అరిచేవాళ్లు ఎక్కువ. సరిగ్గా అప్పుడు మా జట్టులో బలంగా స్మాష్ కొట్టే కామేశు పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, మా ఇంటిదానికి నొప్పులొచ్చీసినాయి. ఆటో వచ్చీసింది. ఏటి సెయ్యమంటావు?"

"అడగడానికి ఒచ్చినావా? ఎల్లరా" అంది రాజులమ్మ, దానేసు నోరు తెరిచేలోపే.

ఆటో ఇసుక రేపుకుంటూ వెళ్లిపోయింది. ఊరి జనాభా పెరగబోతోంది, జట్టు తగ్గిపోయింది. ఐదుగురు మిగిలారు. దానేసు చుట్టూ చూశాడు. ఊళ్లో మిగిలిన మగవాళ్లంటే తాతలూ, పసివాళ్లూ. బైరాగి గడియారం చూసుకున్నాడు.

రాజులమ్మ చీరను గోచీ పోసి కట్టి, జుట్టు ముడి బిగించి గీత దాటి లోపలికి వచ్చింది. "ఆరో మనిసిని నానున్నాను" అంది.

నవ్వులు లేచాయి. రిఫరీ సింహాచలం మాస్టారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. విజిలు నోట్లోంచి తీసి, "మనం పెట్టుకున్న షరతు ఊరి మనిషై ఉండాలనే. ఆమె ఈ ఊరి మనిషే. అవతలివాళ్లు ఏమంటారు?" అన్నాడు.

"ఆడనీయండి మాస్టారూ, మాకేం పోయింది?" అన్నాడు బైరాగి ఉదారంగా. మనుషులు ఉదారంగా ఉండేది ఎక్కువగా గెలుపు ఖాయమనుకున్నప్పుడే. నేను చాలా ఆటలు చూశాను.

మొదటి సెట్టు చూడలేకపోయాను. జగన్నాథపేటవాళ్లు ప్రతి బంతినీ రాజులమ్మ మీదికే కొట్టారు. ఒక స్మాష్ ఆమె ముంజేతికి తగిలి సముద్రంలోకి పోయింది. ఇంకొకటి భుజానికి తగిలి ఆమె ఇసుకలో కూలబడింది. దానేసు ఆమెకు అడ్డం పడబోయి తన చోటు ఖాళీ చేశాడు, అక్కడా పాయింటు పోయింది. సెట్టు అయిపోయాక ఆమె మొగుడి దగ్గరికి వచ్చి, ఇసుక దులుపుకుంటూ, "నాకు అడ్డొస్తే ఊరుకోను మావా. నీ చోటు నువ్వు సూసుకో. నా మీదికొచ్చింది నాను ఎత్తుతాను" అంది.

రెండో సెట్టు నుంచి దానేసు కదల్లేదు. ఆమె ఎత్తింది. రోజూ సర్వీసు వేసే చేతికి బంతి ఏ మూలకు పోతుందో తెలుసు. వంగి, రెండు చేతులూ కలిపి, బంతిని మెత్తగా పైకి లేపితే అది నా పక్కనే తేలేది. దానేసు ఎగిరి కొట్టేవాడు. ఆమె సర్వీసు వంతు వచ్చేసరికి జగన్నాథపేటవాళ్లు వెనక్కి జరిగారు. వెనక్కి జరిగితే నా ముందు పడేసింది. ముందుకు వస్తే వెనక గీత మీద దింపింది. ముసలమ్మలు చేపల తట్టలు బోర్లించి డప్పులాగా వాయించడం మొదలుపెట్టారు. సెట్టు మాది.

విరామంలో ఎవరి ఫోనో మోగింది. మైకు పట్టుకున్న అతను విని, గొంతు సవరించుకుని, "కామేశుకి ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. మొగలిదిబ్బకి ఒక మనిషి పెరిగింది" అని చెప్పాడు. ఇసుక దద్దరిల్లింది. ట్రాక్టర్ల మీదున్నవాళ్లు కూడా ఈలలు వేశారు. ఒక్క బైరాగి మాత్రం మా వాళ్ల ముఖాల్లోకి చూసి, తన జట్టును దగ్గరికి పిలిచి గట్టిగా ఏదో చెప్పాడు.

మూడో సెట్టులో ఊపిరి తీసుకునే సందు లేదు. వాళ్లొకటి, మేమొకటి. బంతి నన్ను రాసుకుంటూ అటూ ఇటూ పోతుంటే నా ముడులన్నీ వణికాయి. చివరికి మాకు ఒక్క పాయింటు కావాలి, సర్వీసు రాజులమ్మది. తట్టల చప్పుడు ఆగిపోయింది. కెరటం చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆమె బంతిని పైకి వదిలింది, కొట్టింది. ఎప్పటికంటే తక్కువ ఎత్తులో వచ్చింది. నా పై తాడుకు తగిలింది, అక్కడే ఒక్క క్షణం నిలబడింది. నేను ఏమీ చేయలేదు. నెట్టుకు చేతులుండవు. ఉంటే మాత్రం ఏం చేసేదాన్నో చెప్పలేను. బంతి అవతలికి ఒరిగి, జగన్నాథపేట కెప్టెన్ చాచిన వేళ్ల ముందు ఇసుకలో పడింది.

"నెట్టుకి తగిలింది మాస్టారూ, చెల్లదు" అంటూ బైరాగి లోపలికి వచ్చేశాడు.

"అది పాత రూలు. ఇప్పుడు చెల్లుతుంది" అన్నాడు మాస్టారు.

బైరాగి ఇంకా ఏదో అనబోతుంటే, వాళ్ల కెప్టెనే ఇసుకలోంచి లేచాడు. "బంతి వచ్చింది. నాకు అందలేదండి. అంతే" అని, నా కింద నుంచి వంగి ఇవతలికి వచ్చి రాజులమ్మకు దండం పెట్టాడు. ఆమె ఏం చేయాలో తెలియక చెంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత తట్టలు మళ్లీ మోగాయి. మైకు అతను మొగలిదిబ్బ, మొగలిదిబ్బ అని గొంతు పోయేదాకా పిలుస్తూనే ఉన్నాడు.

రెండో ఆటలో మావాళ్లు చిత్తుగా ఓడిపోయారు. అయినా దారి పొడవునా పాడుకుంటూ తిరిగొచ్చారు. పేరు మిగిలింది. కొన్నాళ్లకు మగవాళ్లు వెరావల్ రైలెక్కే రోజు వచ్చింది. దానేసు నన్ను విప్పి చుట్టబోతుంటే రాజులమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ మావా. కర్రలకి కాస్త కిందకి దించి కట్టు."

"ఎవులాడతారు?"

"మీరెల్లినాక ఊరు నిండా మేమే గదా ఉంటాం" అంది.

దానేసు నన్ను ఒక జానెడు కిందకి దించి ముడేశాడు. మర్నాడు చేపలమ్మి వచ్చిన ఆడవాళ్లు తట్టలు దించి, సిగ్గుపడుతూ, ఒకరినొకరు ముందుకు తోసుకుంటూ గీత లోపలికి వచ్చారు. మొదటి రోజు బంతి కంటే నవ్వులే ఎక్కువసార్లు నన్ను దాటాయి. నెల తిరిగేసరికి ఆ నవ్వులు తగ్గి, కేకలు పెరిగాయి.

ఇప్పుడు నాకు చూరు కింద నిద్ర లేదు. ఉప్పుగాలికి నా దారం పెళుసుబారింది. తెగిన చోటల్లా ఒక్కొక్కరు తమకు దొరికిన దారంతో ముడేశారు. నీలం, ఎరుపు, పసుపు. ఈ ఏడు పోటీకి మొగలిదిబ్బ నుంచి రెండు జట్లు పోతున్నాయి. అదిగో, ఎండ వాలింది. రాజులమ్మ బంతి పట్టుకుని వెనక గీత దగ్గర నిలబడింది. అవతల పన్నెండు చేతులు సిద్ధంగా ఉన్నాయి. బంతి పైకి లేచింది.