వెనక సీటు

బండి కిక్ రాడ్డు మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కాడు రాజం. పిస్టను పైకొచ్చి నిలిచిన చోట ఆపి, ఇంజను పక్క మూత విప్పి, లోపలి రెండు కడ్డీలనూ ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య తిప్పి చూశాడు. కడ్డీ తిరగాలి, కిందికీ మీదికీ ఆడకూడదు. ఒకటి తిరిగింది. రెండోది కాస్త బిగువుగా ఉంటే వదులు చేశాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూసుకోవలసిన పని ఇది. ఒకసారి వేడెక్కిందా, ఇనుము కూడా మనిషిలాగే ఉబ్బిపోయి అబద్ధం చెబుతుంది. అందుకే కోళ్లు గూడు దిగకముందే వాకిట్లో బల్బు వేలాడదీసుకుని కూర్చున్నాడు.

అరవై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, నడుము దగ్గర కొంచెం ముందుకు ఒరిగి ఉంటాడు. ఎత్తు తక్కువ సొరంగాల్లో బతుకంతా నడిచినవాళ్లకు ఆ ఒరుగుడు తప్పదు. ఎడమ కనుబొమ్మ మీదా, మణికట్ల మీదా నీలం గీతలున్నాయి. గాయం మానేటప్పుడు బొగ్గుపొడి లోపలే ఉండిపోతే పడే మచ్చలవి. గని తన మనుషులకు ఊరికే పొడిచే పచ్చబొట్లు. భూమి లోపల నీళ్లు తోడే పంపుల మీద ఫిట్టరుగా చేసి, పోయిన ఎండాకాలం రిటైరయ్యాడు.

బండి అతనిది కాదు, భీమశంకరంది. భీమశంకరం అదే గనిలో సర్వే సారు. కోనసీమ నుంచి ఉద్యోగానికి వచ్చి గోదావరిఖనిలోనే ఉండిపోయాడు. ఒకనాడు గోదావరి బ్రిడ్జి మీద అతని బుల్లెట్ మొండికేసి నిలబడితే, షిఫ్టు దిగి సైకిల్ మీద పోతున్న రాజం ఆగి, సిగరెట్ పెట్టె అట్టముక్కతో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు తుడిచి నడిపించాడు. అప్పటి నుంచీ ఆ బండి ఒంట్లో బాగోలేనప్పుడల్లా ఈ వాకిట్లోనే పడకేసేది. దాని ఇంజను కింద పెట్టే దుంగ కూడా గనిలో పైకప్పుకు ఆసరాగా నిలబెట్టే మొద్దులోంచి కోసిందే.

భీమశంకరం ఏడాదికోసారి ఆ బండి మీదే సొంతూరికి పోయి వచ్చేవాడు. మంథని, ఏటూరునాగారం, భద్రాచలం, మారేడుమిల్లి ఘాటు, ఆపైన రాజమండ్రి, ఆ చివర గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది. పోయే ముందు చైను బిగించడం, బ్రేకు లైనింగులు మార్చడం, ట్యూబులకు గాలి పట్టి చూడటం అన్నీ రాజమే. క్లచ్చి తీగ పక్కనే ఇంకో కొత్త తీగను జతగా కట్టి పంపేవాడు. అడవిలో పాతది తెగితే వెతుక్కోకుండా కొత్తదాన్ని తగిలించుకుని పోవచ్చు. తిరిగొచ్చాక సారు ఈ వాకిట్లోనే కూర్చుని దారంతా చెప్పేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. రాజానికి మాత్రం ఆ వినడమే పండగ. ఘాట్లో ఏ మలుపు దగ్గర గేరు తగ్గించాలో పోకుండానే నేర్చుకున్నాడు.

అతనికి సముద్రం చూడాలని ఉండేది. సముద్రం మీద మోజు కాదది. తన పంపులు తోడిన నీళ్లు వాగులో పడి, వాగు గోదావరిలో పడి, గోదావరి ఎక్కడికో పోతుంది. ఇన్నేళ్లు తోడిన నీళ్లు చివరికి ఎక్కడ దిగాయో ఒక్కసారి కళ్లతో చూసుకోవాలి. ఈ మాట బయట ఎవరితోనూ అనలేదు, నవ్వుతారని. భీమశంకరంతో అన్నాడు. సారు నవ్వలేదు. "నిన్ను నా వెనకాల ఎక్కించుకుని తీసుకెళ్తానయ్యా, నాదీ పూచీ" అన్నాడు.

ఆ ఏడే బండి ఫ్రేము వెనక భాగం విరిగింది. రాజం వెల్డింగు పెట్టి, "కొన్నాళ్లు ఇద్దరు కూసోవద్దు సారు" అన్నాడు జాగ్రత్తకు. ఆ కొన్నాళ్లు ఎప్పటికీ తీరలేదు. అడిగినప్పుడల్లా భీమశంకరం, "నువ్వే చెప్పావు కదయ్యా, ఒక్కడి బండి అని" అనేవాడు. రాజం తన చేతి పనినే తప్పు పట్టుకుని ఊరుకునేవాడు.

ఇప్పుడు భీమశంకరం కూడా రిటైరయ్యాడు. సామాను లారీలో ముందే పోయింది. భార్య అమ్మణ్ణి రైల్లో పోయింది. ఆఖరి ప్రయాణం బండి మీద. "ఈసారి నువ్వూ నేనూ. గట్టిగా చెయ్యి" అని సారే చెప్పి వెళ్లాడు. రాజం పాత వెల్డింగు కోసేసి కొత్త గొట్టం అతికాడు. చిరిగిన వెనక సీటు తుక్కులో వేసి, చౌరస్తాలో సీట్లు కుట్టే సదయ్య దగ్గర తన సొంతానికి కొత్తది కుట్టించాడు. నల్ల రెక్సిను, ఎర్ర అంచు. రాత్రే బిగించాడు. దాని మీద ఇంకా కూర్చోలేదు, దారి మొదలయ్యాకే కూర్చోవాలని.

"సర్వప్పలు ఇద్దరికీ సరిపోను చేసిన. ఇగ లేచి తానం చెయ్యరాదు, బండిని పెండ్లాడుతున్నట్టే ఉన్నది నీ తరీఖ" అంది భార్య సారవ్వ వంటింట్లోంచి. బియ్యప్పిండి, పల్లీలు కాలిన వాసన వాకిట్లోకి వచ్చింది.

తానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, సంచి తెచ్చి అరుగు మీద పెట్టాడు. మొదటి షిఫ్టు వాళ్లను గని మీద దింపి వస్తున్న ఆటోల్లోంచి ఒకటి గుమ్మం ముందు ఆగింది. దిగినవాడు సాయితేజ, భీమశంకరం మేనల్లుడు. జ్యోతినగర్‌లో ఉద్యోగం. వీపు మీద పెద్ద బ్యాగు, చేతిలో హెల్మెట్.

"బండి రెడీనా అంకుల్? మామయ్య ఇక్కడి నుంచే బయల్దేరదామన్నాడు."

రాజం అరుగు మీది సంచి వైపు చూశాడు. "ఎవలెవలు పోతున్నరు?"

"నేనూ మామయ్యా. మీకు ఫోన్ చేసి చెప్తానన్నాడే, చెయ్యలేదా?" అంటూ సీటు మీద చెయ్యేసి నొక్కి చూశాడు. "భలే కుట్టించారు. పాత సీటు మీద పోయినసారి భద్రాచలం వచ్చేసరికి నా నడుం పడిపోయింది."

"పోయినసారి నువ్వు పోయినవా?"

"ప్రతిసారీ ఎవరో ఒకరం వెళ్తాం కదంకుల్. అంతకు ముందు మా నాన్న. జైపాల్ అంకుల్ అయితే రెండుసార్లు వెళ్లొచ్చాడు."

జైపాల్ అంటే గనిలో హాజరు రాసే మనిషి. ఇన్నేళ్లు రోజూ పొద్దున రాజం పేరు రాసుకుని, ఒక్కనాడూ ఆ ముక్క చెప్పలేదు. కుర్రాడికి పాపం తానేమన్నాడో తెలియదు. సెల్లు చూసుకుంటూ అరుగు మీద, సంచి పక్కన కూర్చున్నాడు.

రాజం బండి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పోయొచ్చిన ప్రతిసారీ వెనక షాకులు బరువుకు నూనె కక్కి ఉండేవి. "కొబ్బరికాయల బస్తా తెచ్చానయ్యా" అనేవాడు సారు, నాలుగు కాయలు తీసి చేతిలో పెట్టేవాడు. సారవ్వ వాటితో పచ్చడి నూరేది. వెనక కాళ్లు పెట్టుకునే రబ్బర్ల సందుల్లో ఎర్రమట్టి ఉండేది. తనే పుల్లతో గీకి తీసేవాడు. అన్నీ చూశాడు, ఏదీ చూడలేదు. అయితే తన వెల్డింగు గట్టిదే. ఇద్దరిని మోసింది, ఘాటు ఎక్కింది, దిగింది. ఆ సంగతి ఇన్నేళ్లకు తెలిసింది. తెలిసింది మాత్రం ఇలా.

భీమశంకరం వచ్చేసరికి ఎండ రేకుల మీదికి పాకింది. తెల్లగా, నిండుగా ఉండే మనిషి. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో హెల్మెట్. ఆ వేళ రాజం కళ్లలోకి చూడకుండా బండి చుట్టూ తిరిగాడు. "ఏవయ్యా రాజం, అయిపోయిందా? నీకు ఫోన్ చేద్దామనుకుంటూనే..."

"జైపాల్‌ను తోల్కపోయిండ్రట గద సారు."

భీమశంకరం మేనల్లుడి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "జైపాల్ సంగతి వేరయ్యా. మా ఇంట్లో ఆచారం జాస్తి. పెద్దవాళ్లున్నారు. నిన్ను తీసుకెళ్తే వాకిట్లో కూర్చోబెట్టి విస్తరి వెయ్యాలి. నిన్ను అలా చిన్నబుచ్చడం నాకు ఇష్టం లేకపోయింది. నీ మంచి కోరే..."

"నా ఇంట్ల, నా కంచంల తిన్నరు గద సారు."

"అది నేను. వాళ్లు వేరు."

"మీ ఇంటికి ఎవడొస్తనన్నడు? నేను సముద్రం కాడికి అన్న. ఆడ దింపి మీ దారిన మీరు పోతే అయిపోతుండె. దాని ఒడ్డుకు గూడ ఆచారం ఉన్నదా?"

గుమ్మంలో నిలబడ్డ సారవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఏరు దాటేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న" అంది, గోడకు చెప్పినట్టు.

రాజం పానా తీసుకున్నాడు. వెనక సీటు నట్లు ఒక్కొక్కటే విప్పాడు. తొందరపడలేదు. వాషర్లు పోకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. సీటు ఎత్తి పక్కనున్న దుంగ మీద పెట్టాడు. బండి వెనక ఉత్త మడ్‌గార్డు మిగిలింది. దాని మీద సారు సంచిని పాత సైకిల్ ట్యూబుతో బిగించి కట్టి, ఊపి చూశాడు.

"ఇదేంటయ్యా? సాయి ఎక్కడ కూర్చుంటాడు?"

"ఇది ఒక్కని బండి సారు. ఇన్నేండ్లు మీరే అన్నరు, నేను నమ్మిన. సీటు నేను నాకోసం కుట్టిచ్చుకున్నది." ఇంకేమైనా అనాలని నోటిదాకా వచ్చింది. అలవాటైన మాటే బయటపడింది. "పాత క్లచ్చి తీగ ఘాట్ల తెగచ్చు. జత తీగ కట్టిన, భయపడకుండ్రి."

సాయితేజ బ్యాగు తగిలించుకుని, తలొంచుకుని, బస్టాండుకు పోయే ఆటో కోసం సందు చివరికి నడిచాడు. భీమశంకరం కాసేపు హెల్మెట్ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. రాజం భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మానుకుని, బండెక్కాడు. ఒక్క కిక్కుకే అందుకుంది.

వద్దనుకుంటూనే రాజం చెవి పెట్టాడు. మలుపు తిరిగి, రోడ్డెక్కి, మూడో గేరు పడేదాకా విన్నాడు. ఎక్కడా తడబాటు లేదు. అంత బాగా చేసినందుకు అతనికి తన చేతుల మీదే కోపం వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని నూనె గుడ్డతోనే తుడుచుకున్నాడు.

"బస్సుకు పోదాం పా. నేను గూడ వస్త" అంది సారవ్వ.

"నాకిగ ఆ సముద్రం వద్దు" అన్నాడు రాజం. ఆ మాట కోపంతో అన్నది కాదని సారవ్వకు తెలిసింది. సంచిలోంచి చొక్కాలు తీసి దండెం మీద వేసింది. ఇద్దరికి సరిపోయేలా చేసిన సర్వప్పలు ఇద్దరూ అరుగు మీద కూర్చుని తిన్నారు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో రోజూలాగే బ్లాస్టింగు అయింది. ఇంటి రేకులు గలగలలాడి ఊరుకున్నాయి. దుమ్ము లేచి, గాలికి ఇటు తిరిగి, దండెం మీదికీ అరుగు మీదికీ దిగింది. వాకిట్లో దుంగ మీద ఎర్ర అంచు సీటు పొద్దున పెట్టినట్టే ఉంది, ఒక్క మడతా పడని దాని నల్ల రెక్సిను మీద బొగ్గుపొడి సన్నగా పరుచుకుంటూ.