మూత తెరుచుకోని మధ్యాహ్నం

మా ఆఫీసులో ఒక దిక్కుమాలిన ఫిల్ము ఉంది. పైకి దూసుకుపోయే రాకెట్లు, వెనకాల బాకాలు, చప్పట్లు కొట్టే తెల్లకోట్లు. అంతరిక్షంలో మా పని ఏదైనా చెడిందంటే చాలు, టీవీలో ఆ ఫిల్ము వేసేస్తారు. అందుకు వీలుగా మా ప్రత్యక్ష ప్రసారాన్ని కాస్త ఆలస్యంగా బయటికి వదిలేవారు. పేరుకే ప్రత్యక్షం! చెడు కబురు మాకు, బాకాలు జనానికి. నేను ఆ ఆఫీసు ప్రజాసంబంధాల అధికారిని. ఆ బాకాలు వినబడితే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మండేది నాకొక్కదానికే కాదని బడ్జెట్ విచారణలో తేలింది. నిధుల కమిటీ పెద్దాయన, చెవికి మిషను పెట్టుకునే మనిషి, మా వాళ్ళు చూపించిన రంగురంగుల బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి ఒకే మాటన్నాడు. "మీరెప్పుడూ చప్పట్లే చూపిస్తారు. మా డబ్బుతో మీరు చేసే పని ఎప్పుడు చూపిస్తారయ్యా?" మా డైరెక్టరుగారు నీళ్ళు నమిలారు. ఏమడిగినా "చూద్దాం" అంటారని ఆయనకి ఆఫీసంతా పెట్టుకున్న పేరు చూద్దాంగారు. ఆ రోజు ఆ ముక్క కూడా నోట్లోంచి రాలేదు.

ఆ విచారణ మీదే ఆధారపడి ఉంది మా అక్క పని.

మా అక్క ఒక కెమెరా కట్టింది. కట్టింది అంటే మామూలుగా కాదు, తిండీ నిద్రా మానేసి, మా బావతో జరుపుకోవలసిన పెళ్ళిరోజులన్నీ మరిచిపోయి కట్టింది. చందమామ మీద ఎండ ఎప్పుడూ పడని చీకటి గుంటలున్నాయి. వాటి చలిని కొలిచి, లోపల మంచు ఉందో లేదో కనిపెట్టే కెమెరా అది. ఒక ధ్రువం మీద తిరగడానికి ఒక నౌక, రెండో ధ్రువానికి ఇంకొకటి. మొదటిది వెళ్ళిపోయింది. రెండోది సగం బిగించాక డబ్బు ఆగిపోయి, హాల్లో దుప్పటి కప్పుకుని కూర్చుంది. దానికి డబ్బు ఇవ్వాలో, విప్పేసి సామాన్లు పంచెయ్యాలో కమిటీ మరుసటి వారం తేలుస్తుంది. ఈలోగా మొదటి నౌకలో కెమెరా మూత తెరుచుకుని, ఫొటో రావాలి. అంతే. అక్క బతుకంతా ఆ మూత మీద ఉంది.

నేను చూద్దాంగారి గదిలో బైఠాయించాను. "సార్, ఈసారి ఆలస్యం వద్దు. ఉన్నదున్నట్టు చూపిద్దాం."

"చెడితే?"

"చెడినట్టే చూపిద్దాం."

"నువ్వు నా కొంప ముంచేలా ఉన్నావమ్మా," అన్నారు. కానీ పెద్దాయన మాట ఆయన్నీ గుచ్చినట్టుంది. ఆలస్యం తీసేయడానికి ఒప్పుకున్నారు. ఫిల్ము మాత్రం సిద్ధంగా ఉండాలన్నారు. దాని మీట నా బల్ల మీదే పెట్టించారు.

ఆ మధ్యాహ్నం కంట్రోల్ రూము కిక్కిరిసిపోయింది. అక్క ముందు వరసలో కూర్చుంది. జుట్టు ఎగదువ్వి ముడేసుకుంది, చెప్పులు బల్ల కింద వదిలేసింది. అద్దం వెనక గదిలో ఆ మీట ముందు నేను, టీవీ కెమెరా వాళ్ళు. పై అంతస్తులో అతిథులతో చూద్దాంగారు.

మూత తెరవమని ఆదేశం వెళ్ళింది. తెరమీద ఎర్ర చుక్క పచ్చబడాలి. పచ్చబడలేదు. మళ్ళీ పంపారు. అబ్బే, ఎర్రగానే ఉంది. అక్క వీపు నాకు కనబడుతోంది, కర్రలా బిగుసుకుపోయింది.

చెవిలో చూద్దాంగారి గొంతు. "ఫిల్ము వెయ్యండి."

"వెయ్యను సార్."

"ఏమిటీ?"

"ఇప్పుడు బాకాలు వేస్తే ఆ పెద్దాయన మన మొహం చూడడు. రెండో నౌకని మనమే చేజేతులా చంపుకున్నట్టు."

"ఇది నా ఆర్డరు!"

"అయితే మీరే వచ్చి నొక్కండి!" అని ఇయర్‌ఫోను పీకి పారేశాను. ఉద్యోగం గోవిందా అని నాకు తెలుసు. పోతే పోయింది! మైకు పట్టుకుని, కెమెరా మనిషిని లాక్కుని అక్క దగ్గరికి పరిగెత్తాను.

మా అక్కకి మైకంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు బళ్ళో రెండు ముక్కలు చెప్పమంటే జ్వరం తెచ్చుకున్న మనిషి.

"పోవే ఇక్కణ్ణించి," అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "పని చేసుకోనీ."

"చేసుకో. చేస్తూనే నాకు చెప్పు. నాకేమీ తెలీదు కదా."

"నీకేమీ తెలీదని ఇన్నాళ్ళకి ఒప్పుకున్నావు. సంతోషం."

ఆ మాట దేశమంతా వినబడింది! గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో అక్క భుజాలు కాస్త దిగాయి. ఇంక నేను పక్కనే ఉన్నానన్న సంగతి గుర్తున్నట్టుంది గానీ, టీవీ కెమెరా సంగతి మరిచిపోయింది.

"తేనె సీసా మూత బిగుసుకుంటే ఏం చేస్తావు?" అంది.

"బావని పిలుస్తాను."

"అందుకే నువ్వు నీ ఉద్యోగంలో ఉన్నావు. వేడినీళ్ళలో పెట్టాలి. మూత వదులవుతుంది. అక్కడ మన కెమెరా నీడలో పడి చలికి బిగుసుకుంది. నౌకని పక్కకి తిప్పి, మూత మడతబందుకి ఎండ తగిలేలా పెడతాం. వేడెక్కాక మళ్ళీ అడుగుతాం."

"అప్పటికీ తెరుచుకోకపోతే?"

"కెమెరా గుడ్డిదే. ఇంతమంది చేసిన పని వృథా. అదీ చెప్పాలిగా మరి."

అబద్ధం చెప్పదు మా అక్క.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని చూద్దాంగారు వచ్చారు. మెట్లు దిగి పరిగెత్తుకొచ్చారేమో, రొప్పుతున్నారు. అద్దం వెనకున్న మీట వైపు చూశారు. అక్క వైపు చూశారు. అక్క ఆయన్ని పట్టించుకోలేదు, మడతబందు వేడి అంకె ఎలా పెరుగుతోందో వేలు పెట్టి నాకు చూపిస్తోంది. ఆయన ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"చూద్దాం," అన్నారు. ఆ మాట అంత తియ్యగా ఉంటుందని నాకు అంతవరకు తెలీదు.

ఆ నిరీక్షణంతా ప్రసారం చేశాం. గోళ్ళు కొరుక్కునేవాళ్ళు, లెక్క సరిచూసుకుని తల గోక్కునేవాళ్ళు, "నీ వల్లే" "కాదు నీ వల్లే" అని గుసగుసగా పోట్లాడుకునేవాళ్ళు. జనం టీవీ కట్టెయ్యలేదు, పక్కవాళ్ళని పిలిచి మరీ చూశారు.

వేడి చాలినంత పెరిగింది. అక్క తనే ఆదేశం పంపింది. "తెరుచుకోవే తల్లీ," అంది, మూతతోటి.

చుక్క పచ్చబడింది.

అమ్మబాబోయ్! ఆ కేకలకి అద్దాలు పగలనందుకు ఆశ్చర్యపోవాలి. కుర్చీలు పడ్డాయి. చూద్దాంగారు నన్ను పట్టుకుని ఊపేశారు. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యాలన్న సంగతి ఆయనకి ఆ తర్వాతెప్పుడూ గుర్తు రాలేదు. కాసేపటికి ఫొటో వచ్చింది. బూడిదరంగు గుంటలు, వాటి అడుగున కాటుక దిద్దినట్టు నల్లని మచ్చలు.

"మంచేనా?" అని అరిచాను.

"అది అత్యంత చల్లటి చోటు. మంచో కాదో ఇవాళ చెప్పలేను. తెలిశాక చెబుతాను. కెమెరా మాత్రం బంగారంలా పని చేస్తోంది."

మరుసటి వారం కమిటీ ముందు కూర్చున్నాం. చూద్దాంగారు బొమ్మలు తెరిచేలోపు పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"అవన్నీ ఎందుకు? ఆ రోజు నేను ఇంట్లో చూశాను. కాఫీ చల్లారిపోయినా లేవలేదు." అక్క వైపు తిరిగాడు. "ఏమ్మా, మూత తెరుచుకోనప్పుడు నీకు భయం వెయ్యలేదా?"

"వేసిందండీ. కాళ్ళు వణికాయి. బల్ల అడ్డంగా ఉండబట్టి టీవీలో పడలేదు."

కమిటీ మొత్తం ఘొల్లుమంది. పెద్దాయన నవ్వలేదు. "రెండోదాని మూతా ఇలాగే ఇరుక్కుంటే?"

"ఇరుక్కోకుండా మడతబందు మారుస్తాను. ఇంకోటేదో ఇరుక్కోవచ్చు. అప్పుడు దాని పని పడతాను."

"దాన్నీ చూపిస్తారా?"

అక్క నా వైపు చూసింది. "చూపిస్తామండీ. భయమేసినా చూపిస్తాం."

రెండో నౌకకి డబ్బివ్వడానికి అందరికంటే ముందు పెద్దాయనే చెయ్యి ఎత్తాడు. ఆయన పక్కనున్నావిడ ఎత్తింది. ఇంక వరసంతా లేచాయి చేతులు. ఒక్కటి కూడా కింద ఉండిపోలేదు.

అక్క మర్యాదగా దణ్ణం పెట్టి, ఫైళ్ళు సర్దుకుని, నెమ్మదిగా తలుపు దాటింది. దాటాక ఫైళ్ళన్నీ నా చేతుల్లో పడేసి, నెరిసిన జుట్టు ముడి ఊడిపోయేలా, ఆ పొడుగాటి నడవంతా, కాపలావాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, గంతులేసింది మా అక్క.