వీపుల మీద మాటలు

దర్జీ కూతురికి చదవడం రాక కాదు, చదివేసరికి తెల్లారిపోయేది. "ఎం... దు... కు" అని కూడబలుక్కుంటూ చివరి అక్షరానికి చేరేలోపు మొదటిది మరిచిపోయేది. సోమవారానికల్లా చిన్న చిన్న మాటలైనా చూడగానే చదవకపోతే చంటిపిల్లల బల్లకు మార్చేస్తానని టీచరమ్మ చెప్పింది. ఆ బల్ల మాటెత్తితే చాలు, పిల్ల కళ్ళనిండా నీళ్ళు. దర్జీ పని చేసే ఆ తల్లి ప్రాణం ఉసూరుమనేది.

బుజ్జగించింది, ఆశపెట్టింది, గద్దించింది. గోడకు చెప్పినా ఒకటే, దీనికి చెప్పినా ఒకటే అనుకుంది. ఆ పిల్లకు లోకంలో ఒకటే పిచ్చి, కచ్చా కుట్టు లాగడం. బట్ట కదలకుండా ముందు వేసే ఆ వదులు కుట్టును కొస పట్టి లాగితే దారమంతా సర్రున వచ్చేస్తుంది. ఆ పని ఇంకెవరైనా చేస్తే కొట్లో రణరంగమే.

ఆదివారం సాయంత్రం దర్జీకి బుర్ర వెలిగింది. గుడ్డ పీలికల మీద ఇంకుతో మాటలు రాసి, వేలాడుతున్న కోట్ల వీపులకు కచ్చా కుట్టు వేసింది. చూడగానే చదివితే లాగొచ్చు, కూడబలుక్కుంటే కుదరదు. పిల్ల "మళ్ళీ" అంది, సర్రుమనిపించింది. "కానీ" అంది, సర్రుమనిపించింది. తల్లికి ఒళ్ళు తెలియలేదు. ఇస్త్రీ చేసి ఇవ్వాల్సిన కోట్లను కూడా వదల్లేదు. సగం మిగిలుండగానే పిల్ల బల్ల కింద నిద్రపోయింది.

పొద్దున లేచి చూస్తే కొక్కేలు ఖాళీ.

"అత్తయ్యా, కోట్లేవీ?"

"ఇచ్చేశానమ్మా. చలిగా ఉందని అందరూ ఇక్కడే తొడుక్కుపోయారు," అంది అత్తగారు. ఆవిడకు చూపు ఆనదు గానీ చేయి మాత్రం ఆగదు.

సగం పీలికలు ఇంకా ఆ కోట్ల వీపుల మీదే ఉన్నాయి. దర్జీ పిల్లను రెక్క పుచ్చుకుని వీధిన పడింది. తీరా చూస్తే తన కళ్ళద్దాలు మిషను మీదే ఉండిపోయాయి.

"అమ్మా, 'ఇప్పుడు' బస్సెక్కుతున్నాడు," అంది పిల్ల, పరిగెత్తి సర్రున లాగేసింది. "'కొంచెం' రోడ్డు దాటుతోందే." సర్రు. "అదిగో, 'అక్కడ' రొట్టెల కొట్లోకి దూరాడు." వెనక్కి తిరిగినవాళ్ళకు దర్జీ దండాలు పెట్టుకుంటూ పోయింది. పోతూపోతూ నవ్వు ఆపుకోలేక రెండుసార్లు పొట్ట పట్టుకుని ఆగింది.

బడి గేటు దగ్గర "తర్వాత" అంటూ పిల్ల ఆఖరి దారం లాగింది. కోటు ఇటు తిరిగింది. టీచరమ్మ.

దర్జీ జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. టీచరమ్మ పిల్ల గుప్పిట్లోని పీలికలను చూసింది.

"ఇవన్నీ ఎవరు చదివారు?"

"నాకు అద్దాల్లేవు టీచరమ్మా. అదే చదివింది."

పిల్ల హడలిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేదు టీచర్. ఒట్టు. నేనేం చదవలేదు, ఊరికే చూశానంతే."

టీచరమ్మ పీలికలు మడిచి పిల్ల చేతిలోనే పెట్టింది. "అలాగే ఊరికే చూస్తూ ఉండు. వెళ్ళి నీ బల్ల మీద కూర్చో."

పిల్ల ఎగురుకుంటూ లోపలికి పోయింది. దర్జీ గేటు పట్టుకుని నిలబడింది. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక రెండూ కానిచ్చేసింది.