నేలమాళిగలో వంకర గోడ

ఇంట్లో ఇన్ని గోడలుండగా, పైపు పోయి పోయి ఆ గోడ వెనకే పగిలింది. నేలమాళిగలో మడమల దాకా నీళ్ళు చేరాయి. గోడ కొట్టక తప్పదని మేస్త్రీ తేల్చేశాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ కళ్ళద్దాల షాపావిడకి తిండి సయించడం లేదు. ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించి చీవాట్లు కూడా తింది.

ఆ గోడ కట్టింది వాళ్ళ నాన్న. ఆయన గడియారాలు బాగుచేసేవాడు, తీరిక దొరికితే కథలు రాసేవాడు. వాటిలో ఒక్కటే నిలిచింది, నిలవడమేమిటి, పిల్లల పాఠాల్లోకి కూడా ఎక్కింది. చెల్లెల్ని ఏడిపించే మొగుణ్ణి ఒక అన్న పాత గడియారం చూపిస్తానని మంచిమాటలతో నేలమాళిగలోకి దింపుతాడు. మూలకి నెట్టి, గొలుసు వేసి, ఇటుక మీద ఇటుక పేర్చి గోడ కట్టేస్తాడు. గడియారానికి కీ ఇచ్చి లోపలే వదిలేసి, అది ఆగిపోయేదాకా గోడకి చెవి ఆనించి కూర్చుంటాడు.

కథకేం, బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, అది అచ్చవడానికి కొద్ది నెలల ముందే ఆవిడ మేనత్త మొగుడు కనిపించకుండా పోయాడు. ఆ వెంటనే ఇంటి నేలమాళిగలో గోడ లేచింది. ఊరు ఊరుకుంటుందా? చెవులు కొరుక్కుంది. మొగుడు కనబడటం లేదని అత్త ఫిర్యాదు చేయలేదు కాబట్టి పోలీసులు రాలేదు. నాన్న ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఎవరైనా అడిగితే ముక్కు రుద్దుకుని మళ్ళీ గడియారం మీదికి వంగేవాడు. పోయేదాకా జనం ఆయన దగ్గరికి కాస్త భయపడుతూనే వచ్చారు.

ఇప్పుడు ఆ కథ మీద పుస్తకం రాస్తున్న పరిశోధకుడొకడు ప్రాణం తోడేస్తున్నాడు. "నిజంగా జరిగిందా మేడమ్?" అని రోజూ ఫోను. నీళ్ళ సంగతి ఏ పుణ్యాత్ముడు చేరవేశాడో, గోడ కొట్టే రోజు కూడా కనుక్కున్నాడు. లోపల ఎముకలు దొరికితే నాన్న హంతకుడు. తనని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గడియారం చక్రాలు చూపించిన చేతులు ఆ పని చేశాయా అని ఆవిడ తనని తాను అడుగుతూనే ఉంది.

ఆ రోజు పొద్దున్నే అత్త మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, నేలమాళిగ మెట్ల పైన కుర్చీ వేసుకుని కూర్చుంది. మోకాళ్ళ నొప్పులతో కిందికి దిగలేదు.

"ఉంటే ముందు నాకు చెప్పు," అంది.

"ఎవరత్తా?"

"ఎవరేమిటే, మీ మామయ్య."

ఆ గొంతులో భయం లేదు, ఎదురుచూపు ఉంది. అప్పుడు వెలిగింది షాపావిడకి. అత్తకి కావలసింది ఎముకలే. అవి ఉంటే మొగుడు తనని వదిలిపోనట్టు. మొగుడు వదిలేసిన మనిషని వేలెత్తి చూపాల్సిన ఊరు, ఇన్నేళ్ళూ నోరు మూసుకుని దారిచ్చింది ఆ గోడని చూసే. మామయ్య లోపల ఉన్నా కొంప మునిగేదే, లేకపోయినా మునిగేదే. ఆవిడ టార్చి పట్టుకుని కిందికి దిగింది.

మేస్త్రీ సుత్తి ఎత్తిన ప్రతిసారీ ఆవిడ టార్చి పక్కకి తిప్పేసింది. ఇటుకలు రెండు ఊడాక అతను చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. ఏదో ఇనుము ఖణేలుమంది. గొలుసే అనుకుని ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఎవరమ్మా ఈ వంకర గోడ కట్టింది?" మేస్త్రీ నవ్వుతున్నాడు. "తాపీ లోపలే మర్చిపోయి మూసేశాడు."

టార్చి వెలుగులో పైపు, నీళ్ళు, మేస్త్రీ చేతిలో తుప్పుపట్టిన తాపీ. గొలుసు లేదు, గడియారం లేదు, మనిషి లేడు. నాన్న ఎవరినీ చంపలేదు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. తడి మెట్టు మీదే కూలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత పైన కూర్చున్న మనిషి గుర్తొచ్చింది.

మెట్లెక్కుతూ ఏవేవో మాటలు కూడదీసుకుంది. అత్త ముఖం చూడగానే ఒక్కటీ మిగల్లేదు.

"ఉన్నాడా?"

"ఉన్నాడత్తా."

ఒక్క మాటతో కన్నతండ్రిని హంతకుణ్ణి చేసేసింది.

అత్త ఆవిడ ముఖం వంక చూసింది. "మీ నాన్న కూడా నాతో ఇదే చెప్పాడు. అచ్చం ఇలాగే, ముక్కు రుద్దుకుంటూ."

షాపావిడ చెయ్యి నిజంగానే ముక్కు మీద ఉంది. గబుక్కున దించేసుకుంది.

"మీ మామయ్యని స్టేషన్లో చూశాను," అంది అత్త. "ఎవరో ఆవిడతో రైలెక్కుతున్నాడు. వీపే కనబడింది. అన్నకి చెప్పలేదు. వాడు నా కోసం ఏనాడూ పట్టని తాపీ పట్టి గోడ కట్టాడు, నమ్మినట్టే ఉండిపోయాను. వీపు చూసి పొరబడ్డానేమోనని గోడ ఉన్నన్నాళ్ళూ అనుకోవచ్చు కదా."

ఫోను మోగింది. పరిశోధకుడే. షాపావిడ కట్ చేయబోతే అత్త చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు." చెవికి ఆనించుకుని గొంతు సవరించుకుంది. "బాబూ, అది మా అన్న కల్పించిన కథ. గోడ వెనక ఎవరూ లేరు. మా ఆయన నన్ను వదిలేసి పోయాడు."

అత్త కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"రాసుకున్నావా? వదిలేసి పోయాడు అనే రాయి."