గుమ్మానికి కట్టిన లుంగీ

సబె వాషింగ్ మెషిన్‌లోంచి బట్టలు తీస్తుంటే, మొగుడు జా లత్ తెల్లచొక్కాకు ఆమె నడుముకు కట్టుకునే లుంగీ చుట్టుకుని వచ్చింది. అది చూసి అతను కొట్టిన దెబ్బకు ఆమె నోట్లో రక్తం ఊరింది.

"నా చొక్కాతో కలిపి ఉతుకుతావా? రేపు వేదికెక్కేది దాంతోనే. మగాడి తేజస్సు తగలెయ్యాలనా?"

"నీ లుంగీలు వాడి తలకంటే ఎత్తున ఆరెయ్యకే అమ్మాయ్, వాడికి అరిష్టం," అని పెళ్లయిన కొత్తలో తమ ఊరు యాంగోన్‌లో అత్తగారు చెప్పింది. టోక్యో వచ్చినా సబె తన బట్టలు విడిగా చేత్తోనే ఉతికి, స్నానాలగదిలో మోకాలెత్తున ఆరేసుకునేది. జ్వరంగా ఉండి ఈ ఒక్కసారే మెషిన్‌లో పడేసింది.

మర్నాడు వాచిన దవడతోనే చేపల పులుసు కాచి, సైన్యం చేతిలో ఉన్న తమ దేశపు ఎంబసీ ముందు నిరసనకు వచ్చినవాళ్లకు వడ్డించింది.

"దవడకేమైందక్కా?" అని ఒకమ్మాయి అడిగింది.

"అల్మారా తలుపు తగిలిందిలే."

వేదిక మీద జా లత్ చేతిలో కర్రకు కొట్టిన అట్ట, దానిమీద సబె చెల్లెలు యిన్ మో ఫోటో.

"మా మరదలు వీధికడ్డంగా తాడుకట్టి ఆడవాళ్ల లుంగీలు వేలాడదీసింది. తుపాకులున్న సైనికులు వాటి కిందనుంచి రాలేక ఆగిపోయారు. ఆ కసితో ఆమెను మెడలో కాల్చారు. అలాంటి ఆడవాళ్ల ముందు నేను తలొంచుతాను."

చప్పట్లు మోగాయి. చెల్లెలు రోడ్డుమీద గిలగిలా కొట్టుకోవడం సబె వీడియోలో చూసింది. ఆ చావును ఈ మనిషి గొంతు సవరించుకుని మరీ వాడుకుంటున్నాడు. గరిటె పులుసులోనే వదిలేసి ఇంటికి నడిచింది.

సాయంత్రం జా లత్ చేతిలో ఆ ఫోటో అట్టతోనే, ఇద్దరు సంఘం మిత్రులతో వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మానికి అడ్డంగా తాడు, తాడుమీద నిన్నటి లుంగీ. ముగ్గురూ ఆగిపోయారు.

"తలొంచుతానన్నావుగా అన్నా, ఒంచు మరి," అని ఒకతను నవ్వాడు.

జా లత్ గోడను గుద్దాడు. "తియ్యవే. లేదంటే ఇవాళ నిన్ను చంపేస్తా."

"మీరే తీసుకోండి. నిన్న లేచిన చెయ్యేగా," అంది సబె లోపలినుంచి.

ఆ బట్టను చేత్తో తాకలేక, అట్టను తిరగేసి పట్టుకుని కర్రతో లాగబోయాడు. సబె కర్ర కొస అందుకుని బలమంతా పెట్టి గుంజింది. అట్టకు కొట్టిన మేకు అతని అరచేతిని చీల్చింది. గుమ్మంలో రక్తం పడింది. లుంగీ కిందనుంచి అట్టమీది యిన్ మో లోపలికి వచ్చింది.

సబె తలుపు మూసి గడియ పెట్టింది.